పక్కనున్న ఖాళీ ఆకాశం

అన్నయ్య పోతే ఆమె కంట చుక్క నీరు రాలేదు. ఇదేం మనిషని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. కొరుక్కోనీ, ఆమెకు నిజంగానే ఏమీ అనిపించలేదు. అన్నం తిన్నా గడ్డి తిన్నా ఒకటే. సెలవు అయిపోగానే ల్యాబుకొచ్చి కూర్చుంది.

ఆమె పనల్లా ఒక గెలాక్సీ. లెక్కకు మించి వెలిగిపోతోంది, నడుమంతా దుమ్ము. ఆ దుమ్ము వెనక వెలుగు పుట్టిస్తున్నది చుట్టూ ఉన్నదాన్ని మింగే కృష్ణబిలమో, గుంపులుగా పుడుతున్న నక్షత్రాలో మామూలు వెలుగులో చచ్చినా కనబడదు. పరారుణ కిరణాలైతే దుమ్మును దాటుకొస్తాయి. వాటిని వర్ణపటంగా విడదీసి గీత గీస్తే, నక్షత్రాలు పుట్టేచోట గీత మీద బొడిపెలు లేస్తాయి. ఈమె గీత మీద బొడిపెల్లేవు. కాబట్టి కృష్ణబిలమే అని తేల్చి పేపరు రాసింది.

అన్నయ్య తన టైర్ల షాపుకొచ్చిన ప్రతివాడి దగ్గరా “మా చెల్లి నల్ల రాకాసిని పట్టింది” అని డప్పు కొట్టేవాడు. అందుకే ఆ పేపరు అతనికి అంకితమిచ్చింది. మర్నాడే పరిశోధన పత్రికకు పంపాలి.

ఆఖరిసారి సరిచూసుకుందామని కూర్చుంది. మన గాలి వేడి కూడా పరారుణంలో మెరుస్తుంది. అందుకని టెలిస్కోపు గెలాక్సీని చూసి, పక్కనున్న ఖాళీ ఆకాశాన్నీ చూస్తుంది. మొదటిదాంట్లోంచి రెండోదాన్ని తీసేస్తే గెలాక్సీ వెలుగే మిగులుతుంది. ఆ ఖాళీచోటు ఎంచింది ఆమే. కొత్తగా వచ్చిన ఫొటో మీద పెట్టి చూస్తే అది ఖాళీ కాదు. గెలాక్సీ తోక అక్కడిదాకా సాగి ఉంది, అందులోనూ అవే బొడిపెలు. గెలాక్సీ బొడిపెలను తన చేత్తోనే తీసిపారేసిందన్నమాట. అదృష్టం కొద్దీ టెలిస్కోపు దగ్గరివాళ్లు గెలాక్సీకి రెండో పక్కనున్న ఆకాశాన్ని కూడా చూసిపెట్టారు. ఈసారి దాన్ని తీసేసి చూస్తే బొడిపెలన్నీ లేచి కూర్చున్నాయి.

ప్రొఫెసర్ గారు చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు.

“ఇది మనతో పోటీపడే అవతలి టీమువాళ్లు పోయినేడే చెప్పిన మాటేగా తల్లీ! మన పేపరు గోవిందా.”

“అవునండీ.”

“బాధగా లేదా నీకు?”

“లేదండీ.”

అబద్ధం కాదు. అందుకే ఆమెకు తనను చూసి తనకే భయమేసింది.

పేపరు పంపడం మానుకుంది, అంకితం కూడా దాంతోపాటే పోయింది. ఆ మాట వదినకు తనే చెప్పాలని ఫోన్ చేసింది.

“పేపరు రావట్లేదు వదినా. అక్కడ రాకాసి లేదు. పొరపాటు నాదే.”

“మరేముందట?”

“నక్షత్రాలు పుడుతున్నాయి. గుంపులు గుంపులుగా.”

“ఓసి పిచ్చిదానా, అది ఇంకా బాగుంది కదే! మీ అన్నయ్యకు చెప్పావా?”

అలవాటు కొద్దీ అనేసి వదిన నాలుక కరుచుకుంది. ఇంకా లేదనే మాట ఈమె నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అన్నయ్యైతే ముందు తిట్టేవాడు, సాయంత్రానికల్లా షాపులో కొత్త డప్పు మొదలెట్టేవాడు. ఇప్పుడీ సంగతి ఎవరికి చెప్పాలి? ల్యాబులో అందరూ చూస్తుండగానే, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఆమె భోరున ఏడ్చింది.