ఏడవని బిడ్డ

పసిపిల్లల వార్డులోనే తల నెరిసిపోయిన పెద్ద డాక్టరమ్మకు సభలంటే ఒళ్ళు మంట. అందులోనూ ఇది తన దగ్గర పని నేర్చుకున్నవాడి సభ.

చదువుకునే రోజుల్లోనే వాణ్ణి తోటివాళ్ళు "మైకు" అనేవాళ్ళు. బిడ్డకు సూది గుచ్చమంటే వాడికి చేతులు వణికేవి. నలుగురి ముందు నిలబెడితే మాత్రం గొంతు ఖంగుమనేది. ఇప్పుడు ఆ గొంతే వాడికి కూడూ గుడ్డా. వార్డు మొహం చూసి ఏళ్ళయింది. ఊరూరా తిరిగి, విందులో అత్తరు చల్లినట్టు, వైద్యజ్ఞానం పంచుతున్నాడు.

ఆవేళ బాలింతల కోసం వాడు రాసిన పుస్తకం ఆవిష్కరణ. "మా గురువుగారు" అని రెండుసార్లు అన్నాడు. రెండుసార్లూ ఆమె వైపు కాక కెమెరా వైపే చూశాడు.

మొదటి ప్రతి అందుకోవడానికి ఆరు రోజుల పసివాడితో ఒక బాలింతను వేదిక ఎక్కించారు. వెనకే ఆమె అత్తగారు. దీపాలు కళ్ళు పొడుస్తున్నాయి, చప్పట్లు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. బిడ్డ కిక్కురుమనలేదు.

మైకు బిడ్డను రెండు చేతులా పైకెత్తాడు. "చూశారా! ఇంత గోలలోనూ ఏడుపు లేదు. ఎంత బుద్ధిమంతుడో!"

"పొద్దుట్నుంచీ ఇంతే బాబూ," అత్తగారు మురిసిపోయింది. "పాల కోసం కూడా పేచీ పెట్టలేదు. మా ఇంటిల్లిపాదికీ లేని బుద్ధి వీడికొచ్చింది!"

హాలంతా నవ్వింది. పెద్ద డాక్టరమ్మ నవ్వలేదు. బిడ్డ చెయ్యి దుప్పట్లోంచి జారి తడిగుడ్డలా వేలాడుతోంది. మొహం పచ్చగా ఉంది. ఆరు రోజులవాడికి బుద్ధేమిటి, బూడిద! ఆకలేస్తే లోకాన్ని లేపాలి. లేపడం లేదంటే ఓపిక లేదన్నమాట. ఈ ఒక్క ముక్కా మైకుకు నోరు నొప్పెట్టేలా చెప్పింది. అది ఆలస్యంగా తెలిసిన తల్లులు ఒట్టి దుప్పటి మడిచి చంకలో పెట్టుకుని ఆసుపత్రి గేటు దాటడం ఆమె ఎరుగును. వాళ్ళెవరూ వెనక్కి తిరిగేవాళ్ళు కారు. మలుపు తిరిగేదాకా ఆమే చూస్తూ నిలబడేది.

మోకాళ్ళు పట్టుకుని వేదిక ఎక్కింది.

"మేడం, మీ ప్రసంగం ఇప్పుడు కాదు," మైకు పళ్ళ సందున గొణిగాడు.

"ప్రసంగం నీ మొహం. బిడ్డనిలా తే."

పసివాడి అరికాలి మీద వేలితో టక్కున మీటింది. వాడు మూతి కాస్త వంకర తిప్పి మళ్ళీ మగతలోకి జారిపోయాడు.

"పాలు ఎప్పుడు తాగాడమ్మా?"

"రాత్రండీ," బాలింత బెదిరిపోయింది. "నిద్రపోయే బిడ్డను లేపొద్దని సారే వీడియోలో చెప్పారుగా."

"అది... సాధారణ సూత్రం, మేడం..."

"అడ్డు లే."

తల్లిని, బిడ్డను తన కారులోనే వార్డుకు తీసుకుపోయింది. పాలు లేక పసివాడి ఒంట్లో చక్కెర అడుగంటింది, కామెర్లు ముదిరాయి. దారంలాంటి నరం వెతికి సూది ఎక్కించి, గ్లూకోజు పెట్టి, కామెర్లు తగ్గేందుకు నీలిదీపాల కింద పడుకోబెట్టింది. సాయంత్రానికి వాడు గుక్కపట్టి ఏడ్చాడు.

తల్లి గాభరాపడింది. "నొప్పెడుతోందేమోనండీ!"

"పెట్టనీ తల్లీ. దక్కాడు."

అప్పుడొచ్చాడు మైకు, నలగని కోటుతో. బిడ్డెలా ఉన్నాడని అడగనైనా అడగలేదు.

"మేడం, ఈ సంగతి బయటికి పొక్కితే నా పరువు..."

"బయటికే పద. వరండాలో బాలింతలున్నారు. సగంమంది నీ వీడియోలు చూసేవాళ్ళే. తప్పు చెప్పానని వాళ్ళతో చెప్పు."

"ఇక్కడా? మైకు కూడా లేదు..."

"నోరుందిగా!"

పోయి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ప్రియమైన మాతృమూర్తులారా!" అని వేదిక మీది గొంతే ఎత్తాడు.

"మెల్లగా సార్," ఒకామె విసుక్కుంది. "పిల్లలు లేస్తారు."

"లేవనీ!" లోపలినుంచి పెద్ద డాక్టరమ్మ కేకేసింది. "లేపి పాలు పట్టండి!"

వరండాలో ఎవరో కిసుక్కుమన్నారు.

"నేను తప్పు చెప్పానమ్మా," అన్నాడు మైకు. ఆ మూడు మాటలకు ముందు వాడు ఎన్నిసార్లు గొంతు సవరించుకున్నాడో!