పిడికిట్లో బిళ్ళ

దర్బారు గురుద్వారా గడప దగ్గర సిక్కు సిపాయి జగ్తార్ అలవాటుకొద్దీ వంగి బూటు లేసు పట్టుకున్నాడు.

"మొక్కుకోడానికొచ్చావా? లోపల తుపాకులున్నాయి, పద," అని కసిరాడు సుబేదారు.

జగ్తార్ బూట్లతోనే పాలరాతి మీద నడిచాడు. రెండు రోజుల కాల్పుల తర్వాత లోపల దాక్కున్న మిలిటెంట్లు చేతులెత్తి వచ్చారు. ఒకడు మాత్రం పిడికిలి విప్పలేదు. గ్రెనేడేమోనని జగ్తార్ తుపాకి గురిపెట్టాడు.

"విప్పరా."

పిడికిట్లో ఉన్నది జోళ్ళు అప్పగిస్తే ఇచ్చే ఇత్తడి బిళ్ళ. వాడివి ఉత్త కాళ్ళు.

వాడు జగ్తార్ బూట్ల వంక చూశాడు. "నీకు బిళ్ళ ఇవ్వలేదా, అన్నా?"

నీ తుపాకి ఏ గదిలో అప్పగించి లోపలికెళ్ళావురా అని అడగాలనుకున్నాడు జగ్తార్. కానీ బూట్లలో కాళ్ళు మండిపోతున్నాయి.