రాజుగారి మనిషి

కార్వర్ రేవులో ఎలిఫలెట్ డోన్‌ని అందరూ రాజుగారి మనిషి అనేవాళ్ళు. మొదట్లో ఆ మాట గౌరవంగానే అనేవాళ్ళు. కెనడాలో, క్వీబెక్ దగ్గర, ఫ్రెంచివాళ్ళ మీదికి ఇంగ్లీషు రాజు సైన్యంతో వెళ్ళి, ఫిరంగి మోతకు ఎడమ చెవి పోగొట్టుకుని వచ్చినవాడు. ఓడలకు తెరచాప కొయ్యలు చెక్కడం అతని పని. టీ మీద పన్ను వేసినా, బోస్టన్ రేవు మూయించినా, మసాచుసెట్స్ అంతా ఉడికిపోతున్నా అతను మాత్రం ఒకటే అనేవాడు.

"రాజు మంచివాడేనయ్యా. చుట్టూ చేరిన మంత్రులే పాడు చేస్తున్నారు. మన గోడు ఆయన చెవిన పడాలేగానీ..."

"నీకు ఒక్క చెవన్నా ఉంది బావా, ఆయనకి అదీ లేదు" అనేవాడు బావమరిది రూఫస్. కమ్మరి. నోటి దురుసు మనిషి.

ఆ వసంతంలో లెక్సింగ్టన్ దగ్గర రాజు సైనికులు రైతుల్ని కాల్చి చంపారని కబురొచ్చింది. రేవులో రాజుగారి యుద్ధనౌక ఒకటి లంగరు వేసి ఉంది. దాని కెప్టెన్ హార్విక్ ఒడ్డున షికారు చేస్తుంటే రూఫస్, మరికొందరు కలిసి పట్టుకుని సత్రంలో ఒక గదిలో పెట్టి తలుపేశారు. ఎలిఫలెట్ పరుగెత్తుకొచ్చాడు. హార్విక్ అతని ఇంట్లో ఎన్నోసార్లు భోంచేశాడు. ఎలిఫలెట్ భార్య మెహిటబెల్ వండిన కాడ్ చేపను అడిగి మరీ వడ్డించుకున్నవాడు.

"వదలండ్రా ఆయన్ని. పొద్దున్నే వచ్చి ఊరిపెద్దల ముందు నిలబడతానని మాటిస్తున్నాడు. రాకపోతే ఆ గదిలో నన్ను పెట్టండి."

"మీ మేలు మర్చిపోను, డోన్ గారూ" అన్నాడు కెప్టెన్, చెయ్యి గట్టిగా పట్టుకుని.

తెల్లారింది. కెప్టెన్ రాలేదు. ఓడ తెరచాపలెత్తి వెళ్ళిపోయింది. ఎలిఫలెట్ ఎవరూ చెప్పకుండానే వెళ్ళి ఆ గదిలో కూర్చున్నాడు. మధ్యాహ్నానికి రూఫస్ రొట్టె పట్టుకొచ్చాడు.

"ఇంకా రాజుగారి మనిషివేనా బావా?"

"ఏదో అడ్డం వచ్చుంటుందిరా. మాట తప్పే మనిషి కాదు."

"లే. ఇంటికి పద. అక్క నన్ను తిట్టి చంపుతోంది."

అక్టోబరులో ఓడలు మళ్ళీ వచ్చాయి. ఈసారి ఒకటి కాదు, వరసగా. ముందున్నది హార్విక్ ఓడేనని గుర్తుపట్టి ఎలిఫలెట్ సంబరపడ్డాడు. "చూశావా, మాట నిలబెట్టుకోడానికి వచ్చాడు" అన్నాడు భార్యతో. అంతలో పడవలో ఒక అధికారి వచ్చి ఊరి మధ్య నిలబడి హెచ్చరిక చదివాడు. తిరుగుబాటు చేసినందుకు ఈ ఊరికి శిక్ష. మధ్యాహ్నంలోగా ఖాళీ చెయ్యండి, తర్వాత ఫిరంగులు పేలతాయి.

ఎలిఫలెట్ ఒక్కడే చిన్న పడవ వేసుకుని ఓడ దగ్గరికి వెళ్ళాడు.

"పైనుంచి వచ్చిన ఆజ్ఞ" అన్నాడు హార్విక్, అతని ముఖంలోకి చూడకుండా. "మీరు మీ భార్యని తీసుకుని ఓడెక్కండి. మీకు చోటిస్తాను."

"మరి మిగతావాళ్ళు?"

"వాళ్ళు ద్రోహులు."

"వాళ్ళలో నా బావమరిది ఉన్నాడు. మంచంలో ఉన్న మా అత్తగారుంది. ఏ పాపం తెలీని పిల్లలున్నారు. నాకోసమన్నా ఆగలేరా? ఆ రోజు మీకోసం నేను నిలబడ్డాను."

"రాజుగారి దృష్టిలో ఊరంతా ఒకటే, డోన్ గారూ."

"క్వీబెక్‌లో మేం చస్తున్నప్పుడు కూడా ఒకటేనా?"

హార్విక్ గడియారం తీసి చూసుకున్నాడు.

ఎలిఫలెట్ తిరిగొచ్చి, అత్తగారిని తోపుడుబండిలో పడుకోబెట్టి, మెహిటబెల్‌తో కొండమీదికి తోసుకెళ్ళాడు. అక్కణ్ణుంచి అందరూ చూశారు. ముందు ప్రార్థన మందిరం అంటుకుంది. తర్వాత రూఫస్ కొలిమి, సత్రం, ఎలిఫలెట్ ఇల్లు. సాయంత్రానికి పొగగొట్టాలు తప్ప ఏమీ నిలబడలేదు.

ఆ చలికాలం ఒక రైతు గడ్డి కొట్టంలో నాలుగు కుటుంబాలు తలదాచుకున్నాయి. మొదటి మంచుకే అత్తగారు పోయింది. అయినా ఎలిఫలెట్ లోపల ఒక మూల నమ్మకం మిణుకుమంటూనే ఉంది. ఫిరంగులు పేల్చింది హార్విక్, రాజు కాదు. మసాచుసెట్స్‌తో సహా రాజు ఏలుబడిలోని కాలనీలన్నీ కలిసి రాజుకు శాంతి కోరుతూ అర్జీ పంపాయి. అది చదివితే ఆయన మనసు కరగదా?

జనవరిలో బోస్టన్ నుంచి పత్రిక వచ్చింది. రూఫస్ చదువుతుంటే ఎలిఫలెట్ కుడి చెవి అటు తిప్పి విన్నాడు. రాజు అందరినీ ద్రోహులుగా ప్రకటించాడు. అణచడానికి పరాయి దేశాల సాయం కూడా వస్తుందట.

"మరి అర్జీ?"

రూఫస్ వెటకారం చెయ్యలేదు. "చేత్తో ముట్టుకోనన్నాడట బావా."

"చదవనైనా లేదా?"

"లేదు."

ఎలిఫలెట్ మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. మెహిటబెల్ కాసేపు చూసి లేచింది. "మా అమ్మ పోయినప్పుడు మీ కంట చుక్క రాలేదు. ఇప్పుడు ఆయనకోసం ఏడుస్తారా? నేను చూడలేను" అని బయటికి, మంచులోకి వెళ్ళిపోయింది. అతను వెంటపడి వెళ్ళి, ఆమె భుజం మీద తన కోటు కప్పాడు. ఆమె తోసేయలేదు.

జూన్‌లో ఊరి సభ జరిగింది. మందిరం లేదు కనుక మసిబారిన పునాదుల మధ్యే నిలబడ్డారు. ఫిలడెల్ఫియాలో కూర్చున్న కాలనీల ప్రతినిధులు స్వాతంత్ర్యం ప్రకటిస్తే ప్రాణాలతో, ఆస్తులతో అండగా ఉంటారా అని ఊరిపెద్దల్లో ఒకాయన అడిగాడు.

"ఆస్తులా! ఎక్కడున్నాయి?" అని ఎవరో అంటే నవ్వారు. "రాజుగారి మనిషి ఏమంటాడో అడగండి" అన్నాడింకొకడు.

ఎలిఫలెట్ ముందుకొచ్చాడు.

"పన్నుకోసం నేను విడిపోను. పన్ను కట్టినవాణ్ణి. చెవి ఇచ్చినవాణ్ణి. ఇంట్లో పిల్లాడు తండ్రిని నమ్మినట్టు నమ్మాను ఆయన్ని. మన ఇళ్ళు కాలాక కూడా నమ్మాను. ఆయన మనం రాసింది చదవను కూడా లేదు. మన మాట వినని మనిషికి మనం ఏమవుతాం? ఏమీ కాం. ఆ సంగతి ఆయనే తేల్చాడు. నేను ఒప్పుకుంటున్నాను, అంతే."

చెయ్యెత్తాడు. చేతులన్నీ లేచాయి.

స్వాతంత్ర్య ప్రకటన ఊళ్ళో చదివిన రోజు రేవులో తుపాకులు పేల్చి, టోపీలు ఎగరేశారు. ఎలిఫలెట్ దూరంగా కొయ్యల మీద కూర్చున్నాడు. రూఫస్ రమ్ము గిన్నెతో వచ్చాడు.

"సంతోషంగా లేదా బావా?"

"తండ్రిని పాతిపెట్టి వచ్చినట్టుందిరా."

రూఫస్ గిన్నె కింద పెట్టి అతని పక్కన కూర్చున్నాడు. కాసేపటికి మెహిటబెల్ వచ్చి రెండోవైపు కూర్చుని, అతని చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.