రేపు ఎత్తుకుందురుగాని

నర్సింగ్ పూర్తిచేసి చిన్నపిల్లల ఐసీయూలో చేరిన కొత్తమ్మాయికి నెల తిరక్కుండానే ఆ వార్డు ఒక పేరు పెట్టేసింది: ఒక్కసారమ్మ. మందు కలపాలన్నా, సూది గుచ్చాలన్నా, మానిటర్ కాస్త కూసినా "అక్కా, ఒక్కసారి రారా?" అంటూ పరుగెత్తేది మరి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, ఆ బాపతు. పెద్ద సిస్టర్ వచ్చి పని చేసి చూపించేది, వెళ్తూ వెళ్తూ ఒక చురక వేసేది. "అడగందే అమ్మయినా పెట్టదు, నిజమే. ప్రతి ముద్దకీ అడిగితే ఎలాగే?" అంది ఒకరోజు. అందరూ నవ్వారు. కొత్తమ్మాయి కూడా నవ్వింది గాని, ఇకమీదట ఎవరినీ పిలవకూడదని లోపల ఒట్టు పెట్టుకుంది. ఒట్లు పెట్టుకోడానికి అంతకన్నా పాడుచోటు ఇంకోటి ఉండదని దానికి చెప్పేవాళ్ళు లేకపోయారు.

కిటికీ పక్క మంచంలో రెండున్నరేళ్ళ పాప. నిమ్ము చేసి ఊపిరితిత్తులు పాడయ్యాయి. నోట్లో శ్వాస గొట్టం, అది జారకుండా బుగ్గల మీద ప్లాస్టర్లు. తల్లి స్టూలు మీద కూర్చుని పాప పాదం నిమురుతూ ఉండేది. ఇంటి దగ్గర ఆ పాప తల్లి చెవి తమ్మె పట్టుకుంటే గాని నిద్రపోయేది కాదట. వేలికి గుచ్చుకుంటాయని తల్లి కమ్మలు పెట్టుకోవడమే మానేసిందట.

పొద్దున డాక్టరు చూసి, నిన్నటికంటే నిలకడగా ఉందన్నాడు. ఆయన అటు వెళ్ళగానే తల్లి అడిగింది.

"అమ్మా, దీన్ని కాసేపు ఒళ్ళో పెట్టుకోవచ్చా? చెయ్యి నా చెవికి తగిలితే స్థిమితపడుతుంది."

పెట్టుకోవచ్చు. ఆ వార్డులో అలా పెడతారు కూడా. కాకపోతే ఒక్కరివల్ల అయ్యే పని కాదు. ఒకరు పిల్లను ఎత్తాలి, ఇంకొకరు గొట్టం కదలకుండా పట్టుకోవాలి. పెద్ద సిస్టర్ అవతలి మంచం దగ్గరే దుప్పటి మారుస్తోంది. పిలుపు గొంతుదాకా వచ్చింది. ఆ నవ్వులు గుర్తొచ్చి కొత్తమ్మాయి దాన్ని మింగేసింది.

"ఇవాళ వద్దమ్మా, గొట్టం కదులుతుంది. రేపు ఎత్తుకుందురుగాని."

తలపండిన దానిలా చెప్పింది. తల్లి నమ్మింది. రేపు ఒళ్ళో పెడతారట అని బయట కూర్చున్న భర్తకు చెప్పి వచ్చింది.

మధ్యాహ్నం పాప గుండె ఆగిపోయింది. తల్లిని తెర అవతలికి పంపారు. వంతులవారీగా అందరూ ఆ చిన్న ఛాతీని నొక్కారు, కొత్తమ్మాయీ నొక్కింది. గుండె మళ్ళీ కొట్టుకోలేదు. ఎవరి తప్పూ లేదని, ఊపిరితిత్తులు మొదటినుంచీ అంతంతమాత్రమేనని డాక్టరు అన్నాడు. చావు ఎవరి తప్పూ కాదు, సరే. పొద్దున్నది ఎవరి తప్పు?

చేతులు కడుక్కునే చోట కొత్తమ్మాయి పెద్ద సిస్టర్‌కి పొద్దున జరిగింది చెప్పేసింది. ఆవిడ కుళాయి కట్టేసింది.

"పిలిస్తే వచ్చేదాన్ని కదే," అంది. తరవాత మెల్లగా, "నవ్వించింది నేనేలే," అంది.

తిట్టి ఉంటే బాగుండేది.

గొట్టాలన్నీ తీసేశారు. ప్లాస్టర్ జిగురు అంటుకున్న బుగ్గల్ని కొత్తమ్మాయి తడిగుడ్డతో తుడిచింది. తల్లి వచ్చి మంచం పక్కన నిలబడింది గాని పాపను ముట్టుకోలేదు. పొద్దున ఎవరిని అడిగిందో ఆ మనిషినే మళ్ళీ అడిగింది.

"ఇప్పుడు ఎత్తుకోవచ్చా అమ్మా?"

కొత్తమ్మాయి ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక్కతే పాపను ఎత్తి తల్లి ఒళ్ళో పడుకోబెట్టింది. తల్లి ఆ చిన్న చేతిని తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది. వేళ్ళు జారిపోయాయి. మళ్ళీ పెట్టుకుంది, మళ్ళీ జారాయి. కొత్తమ్మాయి నేలమీద మోకాళ్ళు ఆన్చి, ఆ వేళ్ళను తల్లి చెవికి చేర్చి, జారకుండా పట్టుకుంది.