మైనం పట్టిన కప్పు

నేను ఒక కారు కప్పును. రేకు కప్పును కాదండోయ్, కావాలంటే మడిచి వెనక్కి నెట్టేసే కిత్తాను గుడ్డ కప్పును. ఇలాంటి కప్పు ఎందుకుంటుందని పసిపిల్లనడిగినా చెబుతుంది, తియ్యడానికని! ఆ ఒక్క ముక్కా నా యజమాని బుర్రకెక్కలేదు. ఎక్కేసరికి అంతా అయిపోయింది. ఇప్పుడు భీమిలిలో ఆయన పక్కింటి పెరట్లో, కట్టెలు తడవకుండా వాటి మీద పడి ఉన్నాను. నా ఏడుపేదో నన్ను ఏడవనివ్వండి.

విశాఖపట్నంలో కారు సీట్లు కుట్టే మస్తాన్ సాహెబు నన్ను కుట్టాడు. మీగడ రంగు గుడ్డ, గట్టి కుట్టు. ఒక కంటి డాక్టరు గారి నీలం కారుకి బిగించాడు. డాక్టరు గారి దగ్గర నేను మహారాణిని. వానొస్తే కప్పేవారు, వెలిస్తే తీసేసేవారు. పిల్లలు వెనక సీట్లో నిలబడి కేరింతలు కొడుతుంటే నేను మడతలో హాయిగా కునుకు తీసేదాన్ని. డాక్టరు గారు పెద్దవారై బండి నడపలేక, దాన్ని బాగుచేస్తూ వచ్చిన మెకానిక్కు గురునాయుడికే ఇచ్చేశారు. ఇస్తూ, "నాయుడూ, నువ్వయితే దీన్ని బాగా చూసుకుంటావు" అన్నారు. ఆ మాటే మా కొంప ముంచింది.

చూసుకోవడమంటే అలా ఇలానా? భీమిలిలో ఉప్పుగాలి రంగుని తినేస్తుందని రోజూ కడిగేవాడు. బోరు నీళ్లు ఉప్పన కాబట్టి మరకలు కడతాయని కొళాయి నీళ్లే వాడేవాడు. కొళాయి నీళ్లు బండికి, బోరు నీళ్లు పెళ్లానికి! నీలవేణి ఆ ఉప్పు నీళ్లతోనే తలంటుకుని, జిగురు పట్టిన జుట్టుని చిక్కు తీసుకుంటూ గుమ్మంలో కూర్చుని ఆయన్ని చూసేది. ఆవిడ మెత్తటి నూలు చీరలన్నీ తుడుపు గుడ్డలైపోయాయి. మైనం రాసి, ఆరబెట్టి, మళ్లీ తుడిచి, బానెట్టులో తన మొహం చూసుకుని మురిసిపోయేవాడు. పక్కన ఆవిడ మొహం కూడా కనబడేది. దాన్ని మాత్రం చూసేవాడు కాదు.

ఆవిడకి ఉన్నది ఒక్కటే కోరిక.

"మావా, ఓపాలి కప్పు తీసి సముద్రం రోడ్డంట తిప్పవా? తల మీద ఆకాశం, మొహానికి గాలి. అంతే."

"ఉండవే, మైనం ఆరనీ."

మైనం ఆరితే ఎండ. ఎండ తగ్గితే వాన. వాన వెలిస్తే దుమ్ము. మడత పెడితే గుడ్డ చిట్లిపోతుందట! నేను మడతకే పుట్టానయ్యా మహానుభావా అని మొత్తుకున్నాను. నా మాట ఎవరికి వినబడుతుంది?

అలా ఉండగా దసరా వచ్చింది. గురునాయుడు షెడ్డులో పనిముట్లకి పూజ చేసుకుంటుంటే, ఇంటి దగ్గర ఈవిడ నాకు పూజ చేసింది. పసుపు చిక్కగా కలిపి, నా నడినెత్తిన అరచేయంత బొట్టు పెట్టి, మధ్యలో కుంకుమ దిద్దింది. "సల్లగా సూడు తల్లీ, మా మావకి మనసు పుట్టించు" అని గొణుక్కుంది. ఒట్టు, నన్ను వస్తువులా కాకుండా మనిషిలా పలకరించింది ఆవిడొక్కతే.

గురునాయుడు వచ్చి చూసి గుండెలు బాదుకున్నాడు. బట్టల సబ్బు తెచ్చి రుద్దాడు. పసుపు మీద సబ్బు పడితే ఏమవుతుందో తెలుసు కదా? ఎర్రబడింది! రుద్దిన కొద్దీ పాకింది. మీగడ రంగు కప్పు మీద నెత్తురు ఒలికినట్టు తయారైంది.

"నాశినం సేసీసినావే! సేతులు ఊరుకోవేటి నీకు? ఇంకెప్పుడూ నా బండి ముట్టుకోకు!" అని వీధంతా వినబడేలా అరిచాడు.

ఆవిడ పసుపు చేతులు కొంగుకి తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత షికారు మాట ఎత్తలేదు. ఆ మరకని ఎండకి వదిలేస్తే అదే వెలిసిపోయేది. ఈయనకి ఓపికేది? ఇంకో మరక పడకూడదని, బండి రంగుకి రాసే మైనాన్ని తెచ్చి నా మీద, నా మడతల్లో, కుట్లలో దట్టంగా పట్టించాడు. రేకుకి రాసేది గుడ్డకి రాస్తారా ఎవరైనా? ఏడాది తిరిగేసరికి అట్టముక్కలా బిగుసుకుపోయాను.

అప్పుడే నీలవేణికి ఆయాసం మొదలైంది. ఆసుపత్రుల చుట్టూ తిప్పాడు, నా నీడలోనే. చివరికి డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. గురునాయుడు బండి ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడ్చి, "రేపు కప్పు తీసేత్తానే. సముద్రం రోడ్డంట భీమిలి నుంచి విశాపట్నం దాకా తిప్పుతాను" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆవిడకి తల దువ్వి, ముందు సీట్లో కూర్చోబెట్టి, నా కొక్కాలు విప్పాడు. లాగాడు. నేను మడత పడలేదు. నూనె పోశాడు, మోకాలు పెట్టి తోశాడు, ఇంకా గట్టిగా లాగాడు. ఒంగుదామని నేనెంత గింజుకున్నానో ఆ దేవుడికే తెలియాలి. నా ఒళ్లు నా మాట వినలేదు. గురునాయుడు కత్తి తెచ్చాడు.

"వద్దు మావా, కొయ్యకు" అందావిడ, ఊపిరి కూడదీసుకుంటూ. "ఎంత కష్టపడి కాపాడుకున్నావు! మెల్లగా వత్తాదిలే. రేపు సూద్దాం. నాకు కూకోడానికి ఓపిక లేదు, లోపలికి తీసుకుపో."

కొయ్యరా, కొయ్యి, నన్ను ముక్కలు ముక్కలు చెయ్యి అని నేను అరుస్తూనే ఉన్నాను. ఆయన కత్తి పక్కన పడేసి ఆవిణ్ణి ఎత్తుకుని లోపలికి వెళ్లాడు.

తెల్లవారకముందే ఆవిడ పోయింది.

పొద్దున్న గురునాయుడు కత్తి తీసుకుని నన్ను చట్రం నుంచి కోసి గోడవతలికి విసిరేశాడు. తర్వాత, నమ్ముతారో లేదో, కొళాయి నీళ్లు పట్టి బండి కడిగాడు. చుట్టాలు వాకిట్లో నిలబడి చూస్తున్నారు. పాడె సిద్ధంగా ఉందని పెద్దలు చెప్పినా వినలేదు. సీట్ల మీద చెక్క పరిపించి, ఆవిణ్ణి పడుకోబెట్టి, సముద్రం రోడ్డంట తానే నడుపుకుంటూ తీసుకెళ్లాడు.

బండి మలుపు తిరిగేదాకా గోడ పక్క నుంచి చూశాను. పైన ఆకాశం. గాలికి ఆవిడ ముంగురులు ఎగురుతున్నాయి.

"అదృష్టవంతురాలమ్మా, పోతే పోయింది గానీ కోరిక తీరిపోనాది" అంది పక్కింటావిడ కళ్లొత్తుకుంటూ. అని, నన్ను చూసి, "గుడ్డ గట్టిగానే ఉంది" అంటూ కట్టెల మీదికి లాక్కుంది.