ఎనిమిదో పాము

జ్ఞానయ్యకు ఒక్కచోట కుదురుగా కూర్చోవడం చిన్నప్పటి నుంచీ రాదు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు ఉద్యోగం. మధ్యాహ్నం అందరూ చెట్టు కింద కూర్చుని టిఫిన్లు విప్పితే అతను నిలబడే తినేవాడు. చర్చిలో ప్రసంగం నడుస్తుంటే అతని చూపు గోడమీది బల్లి వెంట పోయేది. "నీ అరికాళ్ల కింద చీమలున్నయా ఏంది" అని భార్య రాహేలు మోచేత్తో పొడిచేది.

ఆ కుదురులేనితనమే అతన్ని నాచారం చెరువు గట్టు మీదా, ఫ్యాక్టరీల వెనక తుప్పల్లోనూ, ఉప్పల్ వైపు బండరాళ్ల మధ్యా తిప్పింది. కంటబడిన మొక్కనీ పిట్టనీ పురుగునీ రాసుకునేవాడు. వర్క్‌షాపులో పారేసిన రిజిస్టర్ల వెనక పేజీలే అతని నోటుపుస్తకాలు. తేదీ, చోటు, కొలత, రంగు, పక్కన పెన్సిలుతో బొమ్మ. పేరు తెలియకపోతే అక్కడ ఖాళీ వదిలేవాడు. ఆ ఖాళీ నిండేదాకా అతనికి అన్నం సయించేది కాదు.

నాచారంలో వాళ్ల బస్తీకి వెనక వీధిలో జనార్ధనరావుగారని ఒకాయన ఉండేవాడు. హబ్సిగూడలో ఒక పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త, గుంటూరు వైపు మనిషి. ఆయన జ్ఞానయ్యకు ఒక భూతద్దం, పాముల మీద ఒక పాత ఇంగ్లీషు పుస్తకం ఇచ్చాడు. ఆదివారం సాయంత్రాలు ఇద్దరూ కూర్చుని ఆ పుస్తకం ఒక్కో పేజీ విడమరిచి చదివారు. రెండేళ్లు తిరిగేసరికి బస్తీలో ఎవరింట పాము కనిపించినా జ్ఞానయ్యకు కబురు వచ్చేది. అతను వెళ్లి చూసి ఇది ఫలానా అని చెప్పేవాడు. చాలాసార్లు పామును చావనీయకుండా సంచిలో వేసుకుపోయి చెరువు అవతల వదిలేవాడు.

బస్తీలోని రేకుల ఇళ్లలో ఎక్కువగా దొరికేది, చూడటానికి అచ్చం కట్లపాములా ఉండే ఒక చిన్న పాము. పుస్తకంలో దాన్ని వుల్ఫ్ స్నేక్ అన్నారు. దానికి మనిషిని చంపే విషం లేదు. జనానికి తేలిగ్గా అర్థం కావాలని జ్ఞానయ్య దానికి 'ఉత్తకట్ల' అని పేరు పెట్టాడు. ఆ పేరు బస్తీలో పాకిపోయింది. 1989 ఆగస్టు నాటికి అతని రిజిస్టర్లో ఏడు ఉత్తకట్లలు ఉన్నాయి.

ఆ నెలలో ఒక ఆదివారం, ఇంకా తెల్లవారలేదు, తలుపు దబదబా మోగింది. నాలుగిళ్ల అవతల ఉండే రాజయ్య. సబ్బుల ఫ్యాక్టరీలో లోడింగు పని చేస్తాడు.

"జ్ఞానన్నా, జర జల్ది రా. మా ఆమెకు పురుగు ముట్టింది."

రాజయ్య ఇంట్లో జీరో బల్బు వెలుగుతోంది. రాత్రంతా కురిసిన వానకు నేల చెమ్మగా ఉంది. దుర్గమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ముప్పై ఏళ్లుంటాయి. కాలి చిటికెన వేలు చూపించింది. చూడబోతే గాటు లేదు, వాపు లేదు.

"చీమ కుట్టినట్టయింది అన్నా. లేసి దులుపుకున్న. గంతే. నొప్పి గిట్ల ఏం లేదు."

పాము వాకిట్లో బురదలో పడి ఉంది. బియ్యం సంచి వెనక దూరబోతే రాజయ్య కర్రతో కొట్టి బయట పడేశాడు. తల నుజ్జునుజ్జయింది. ఒంటినిండా బురద. ఆ బురదలోంచి తెల్లటి అడ్డపట్టీలు సన్నగా కనిపిస్తున్నాయి. మూరెడు పొడవు. జ్ఞానయ్య పుల్లతో ఒకసారి కదిలించాడు.

"ఫికర్ చెయ్యకు. ఉత్తకట్ల."

"పక్కానా అన్నా? దవాఖానకు పోదామనుకుంటున్నం."

"ఎందుకు పోవుడు? ఆడ సూది మీద సూది పొడుస్తరు. సబ్బుతోని కడుక్కో అమ్మా, సాలు."

రాజయ్య ముఖంలోకి ప్రాణం వచ్చింది. ఆ రోజు ఘట్‌కేసర్‌లో దుర్గమ్మ అన్న చిదంబరం బిడ్డను తొట్లెలో వేస్తున్నారు, ఉయ్యాల వేడుక. మేనత్త పోకపోతే బాగుండదు. జ్ఞానయ్య ఆ పామును పాత న్యూస్ పేపర్లో చుట్టుకుని ఇంటికి వచ్చి, రాహేలు చూడకుండా స్నానాల గది మూల పెట్టాడు. రిజిస్టర్లో తేదీ వేసి ఎనిమిదో ఉత్తకట్ల అని రాసుకున్నాడు. ఏడు గంటలకు దుర్గమ్మా రాజయ్యా కొత్త బట్టలు కట్టుకుని ఉప్పల్ బస్సు కోసం వెళ్లడం కిటికీలోంచి చూశాడు.

వీధి కుళాయికి నీళ్లు ఎనిమిదిన్నరకు వచ్చాయి. చర్చికి ఇంకా అరగంట ఉంది. ఈలోపు పామును కడిగి కొలిచి మిగతాది రాసేద్దామని చెంబెడు నీళ్లు పోశాడు. బురద పోయింది. రంగు తేలింది.

నల్లగా నిగనిగలాడుతోంది. ఉత్తకట్ల అయితే మట్టిరంగు ఉండాలి. పట్టీలు మెడ దగ్గర చిక్కగా ఉండి తోకవైపు పోనుపోను మాయం కావాలి. దీనికి మెడ దగ్గర లేవు, తోకవైపు జంటజంటగా ఉన్నాయి. జ్ఞానయ్య భూతద్దం తీసి వీపు మీద పెట్టాడు. నడిమి వరుసలో పొలుసులు పక్కవాటికన్నా పెద్దవి. ఒక్కొక్కటీ ఆరు పలకలది. మళ్లీ చూశాడు. చొక్కా అంచుతో అద్దం తుడిచి ఇంకోసారి చూశాడు.

అది కట్లపాము.

కట్లపాము కాటుకు నొప్పి ఉండదని అతనికి తెలుసు. వాపు రాదనీ తెలుసు. పుస్తకంలో ఆ వాక్యం కింద తనే పెన్సిలుతో గీత గీశాడు. తెల్లవారుజామున దుర్గమ్మ నొప్పి లేదంటే ఆ మాట భయపెట్టాల్సింది పోయి ధైర్యం ఇచ్చింది. ఏడుసార్లు అదే పామును చూసిన కన్ను ఎనిమిదోసారి చూడటం మానేసింది. కళ్లకంటే ముందు నోరు తీర్పు చెప్పేసింది.

కుళాయి దగ్గర బిందెల చప్పుడు వినిపిస్తోంది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, అతనికి ఇంకో ఆలోచన వచ్చింది. కరిచిన ప్రతిసారీ విషం దిగదు. కరిచి నాలుగు గంటలు దాటింది, ఆమె నడిచి బస్సెక్కింది. ఈ పామును చెరువులో పారేస్తే అడిగేవాడెవడు? మరుక్షణం పామును గాజు సీసాలో వేసుకుని చెప్పులు కూడా తొడుక్కోకుండా వెనక వీధికి పరుగెత్తాడు.

జనార్ధనరావు బనియనుతో పేపరు చదువుతున్నాడు. సీసా చూసి, అద్దం పెట్టి చూసి, పేపరు పక్కన పెట్టాడు.

"ఎవరినైనా కరిచిందా?"

"కరిసింది సార్. నేను విషం లేదని చెప్పిన."

ఆయన తాళాలు తీసుకుని తన పాత ఫియట్ కారు బయటకు తీశాడు.

ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డెక్కేదాకా జ్ఞానయ్య సీట్లో ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉన్నాడు. లారీ అడ్డం వస్తే తనే కిటికీలోంచి చెయ్యి ఊపి అరిచాడు. బోడుప్పల్ దగ్గర ఎద్దులబండి దారి ఇవ్వకపోతే దిగి పరుగెత్తుదామని తలుపు మీద చెయ్యి వేశాడు. "కూర్చోవయ్యా" అన్నాడు జనార్ధనరావు. "నువ్వు పరుగెత్తితే కారు కంటే ముందు చేరతావా?"

ఘట్‌కేసర్ స్టేషను దగ్గర మైకులో పాటలు వినపడ్డాయి. ఆ చప్పుడే దారి చూపించింది. షామియానా కింద ఆడవాళ్లు తొట్లె చుట్టూ కూర్చున్నారు. దుర్గమ్మ వాళ్ల మధ్యలోనే ఉంది. ఒళ్లో చంటిదాన్ని పెట్టుకుని నవ్వుతోంది. రాజయ్య ఎదురొచ్చాడు.

"ఏందన్నా, నువ్వొచ్చినవ్?"

"దుర్గమ్మను ఇప్పుడే దవాఖానకు తీస్కపోవాలె. అది కట్లపాము."

"పొద్దుగాల నువ్వే గదా విషం లేదన్నది."

"అన్న. తప్పు చెప్పిన."

చిదంబరం అడ్డం వచ్చాడు. "పొద్దుగాల ఒక మాట, ఇప్పుడొక మాట. మాపటికి ఇంకో మాట చెప్తవా? శుభకార్యం నడుస్తుంటే చెప్పుల్లేకుండ ఉరికొచ్చి చావు కబురు చెప్తవేంది? మా చెల్లె మంచిగనే ఉన్నది."

చుట్టూ జనం చేరారు. జ్ఞానయ్య సీసా పైకెత్తి పొలుసుల సంగతి చెప్పబోయాడు. ఎవరూ వినలేదు. అతను సీసా దించేశాడు.

"నా మాట నమ్మకున్రి. నా మాట నమ్మబట్టే గిదంత అయింది. ఆమె కండ్లు సూడున్రి. గంతే, కండ్లు సూడున్రి."

అందరూ దుర్గమ్మ వైపు తిరిగారు. జ్ఞానయ్య ఆమె ముందు కూర్చుని, "అమ్మా, తల ఎత్తకుండ పైకి సూడు" అన్నాడు. ఆమె చూసింది. నల్లగుడ్లు పైకి లేచాయి గానీ రెప్పలు లేవలేదు. సగం మూసిన కిటికీల్లా అలాగే ఉండిపోయాయి.

"నిద్ర తక్కువయిందేమో," అంది దుర్గమ్మ. మాట ముద్దగా వచ్చింది. "కడుపుల కూడ జర నొస్తున్నది."

చిదంబరం చంటిదాన్ని ఆమె ఒళ్లోంచి తీసుకున్నాడు. మైకు ఆపమని ఎవరో కేక వేశారు.

కారు హబ్సిగూడ చేరేసరికి దుర్గమ్మకు లాలాజలం మింగుడు పడలేదు. తార్నాక దాటాక ఊపిరి పైపైన ఆడింది. సికింద్రాబాదు పెద్దాసుపత్రిలో స్ట్రెచరు మీద పడుకోబెట్టేసరికి ఛాతీ కదలడం లేదు. డాక్టరు చూసి, సీసాలో పామును చూసి, మరో ప్రశ్న లేకుండా గొంతులో గొట్టం దించాడు. విరుగుడు మందు ఎక్కించారు. ఊపిరి పోసే మిషను ఇంకో రోగికి పెట్టి ఉంది. గొట్టానికి ఒక రబ్బరు సంచి తగిలించి, "ఆగకుండా పిసుకుతుండాలి, నిమిషానికి పదిహేనుసార్లు. ఎవరు చేస్తారు?" అని అడిగాడు.

మొదట పట్టుకున్నది జ్ఞానయ్యే. రాజయ్య, చిదంబరం, జనార్ధనరావు వంతులు వేసుకున్నారు. కానీ జ్ఞానయ్య తన వంతు అయ్యాక కూడా వదిలేవాడు కాదు. చేతులు తిమ్మిరెక్కి వేళ్లు ముడుచుకోకపోతేనే పక్కవాడికి ఇచ్చేవాడు. ఇచ్చి వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, అయిదు నిమిషాలకే తిరిగొచ్చి మళ్లీ చెయ్యి చాచేవాడు. రాజయ్య అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. సంచి చేతులు మారేటప్పుడు కూడా ముఖం చూడలేదు.

సోమవారం మధ్యాహ్నం దుర్గమ్మ చూపుడు వేలు కదిలింది. మంగళవారం గొట్టం తీశారు.

బస్తీకి తిరిగొచ్చాక జ్ఞానయ్య గురించి రెండు రకాలుగా చెప్పుకున్నారు. కాపాడింది ఆయనే అని కొందరు, చంపబోయింది ఆయనే అని కొందరు. రెండూ నిజమేనని అతనికి తెలుసు. "చీకట్లో, బురదలో ఎవరైనా పొరబడతారయ్యా" అన్నాడు జనార్ధనరావు ఒకరోజు.

"చీకటి కాదు సార్. నాకు తెల్సు అనుకున్న. గదే."

రిజిస్టర్లు ట్రంకు పెట్టెలోకి పోయాయి. పని నుంచి వచ్చాక గదిలో అటూ ఇటూ నడిచేవాడు. చెరువు వైపు వెళ్లేవాడు కాదు. రాహేలు తిట్టడం మానేసింది. అది అతనికి తిట్లకంటే కష్టంగా ఉండేది.

నెలన్నర తర్వాత ఒక మధ్యాహ్నం దుర్గమ్మ వాళ్లింటికి వచ్చింది. చిక్కిపోయింది. గొంతు ఇంకా బొంగురుగా ఉంది. రాహేలు పీట వేసింది.

"నన్ను కరిసిందాన్ని నేను మంచిగ సూడనే లేదు. సూపియ్యు అన్నా."

జ్ఞానయ్య మంచం కింది నుంచి సీసా తెచ్చాడు. స్పిరిట్లో పాము చుట్ట చుట్టుకుని ఉంది. ఆమె వెలుగుకు పట్టి చూసింది.

"గింతేనా?" అంది. తర్వాత, "దీని గురించి ఏం రాసినవ్?"

ట్రంకు తీసి రిజిస్టరు విప్పి చదివాడు. తేదీ. చోటు నాచారం. పొడవు ముప్పై తొమ్మిది సెంటీమీటర్లు. పొలుసుల లెక్క. ఉత్తకట్ల అని రాసి కొట్టేసి, కట్లపాము. ఆ కొట్టివేతను కూడా చదివాడు.

"నీ పాము సంగతే రాసుకున్నవు. నాకేమైందో రాయలే."

"ఏం రాయాలె?"

"నేను చెప్త. నువ్వు రాయి."

ఆమె చెప్పింది. చీమ కుట్టినట్టు అనిపించడం. బస్సులో నాలుక మందంగా తగలడం. తొట్లె దగ్గర మనుషులు ఇద్దరిద్దరుగా కనపడటం, ఎవరికీ చెప్పకపోవడం. కారులో చెయ్యి ఎత్తాలనుకుంటే ఆ చెయ్యి తనది కాదన్నట్టు పడి ఉండటం. జ్ఞానయ్య వేగంగా రాస్తున్నాడు.

"గొట్టం ఏసినంక అందరు నాకు సోయి లేదనుకున్నరు. నాకు సోయి ఉన్నది. కండ్లు తెర్సుకోలేదు గానీ అన్నీ వినబడ్డయి. డాక్టరు సాబు ఏమన్నది, మా ఆయన ఎవరి మీద మొత్తుకున్నది. నువ్వు సంచి పిసుక్కుంట లెక్కపెట్టుడు. ఒకటి, రెండు, మూడు. పదిహేను కాంగనే, 'అమ్మా, తప్పయింది' అని ఒకసారి. మల్ల ఒకటి, రెండు. రాత్రంత గట్లనే." ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. "నువ్వు లెక్క తప్పుతవేమో అని నాకు మస్తు భయమైంది. నేను గూడ లోపల్లోపల లెక్కపెట్టిన."

జ్ఞానయ్య పెన్సిలు ఆగిపోయింది. రాహేలు వంటగదిలోకి వెళ్లి చాలాసేపు బయటకు రాలేదు.

"గది గూడ రాయి" అంది దుర్గమ్మ.

రాశాడు. నాలుగు పేజీలు వచ్చాయి. జనార్ధనరావు వాటిని ఇంగ్లీషులోకి తిప్పి, ఆమెను చూసిన డాక్టరుకు ఇచ్చి వచ్చాడు. రోగికి అన్నీ వినపడతాయన్న చోట డాక్టరు ఎర్రసిరాతో గీత గీసుకున్నాడట.

రాజయ్య మాట కలపడానికి ఇంకో ఏడాది పట్టింది. ఈలోగా జ్ఞానయ్య మళ్లీ చెరువు గట్టు పట్టాడు. పాము అని కబురొస్తే పోయేవాడు. వెళ్లగానే గడపలోనే నిలబడి, "ఎవరినన్నా ముట్టిందా?" అని అడిగేవాడు. ముట్టిందంటే పామువైపు చూసేవాడు కాదు, ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తేవాడు.