ఏ చెమటకు ఏ కోడ్

డాక్టరుగారు మెడికల్ ఫారం మీద "అతిగా చెమట" అని గీకి, సంతకం పెట్టి, భీమ్‌గల్‌లో పెళ్లికి వెళ్లిపోయారు. పక్క గడిలో రోగం కోడ్ వేయడం దవాఖాన గుమస్తా దయానంద్ వంతు.

ఎదురుగా బెంచీ మీద గంగాకిషన్. మార్కెట్ యార్డులో పసుపు కొమ్ములు పాలిష్ పట్టే డ్రమ్ము దగ్గర నుంచి నేరుగా వచ్చాడు. చొక్కా తడిసి ముద్దయింది. మెడ మీద పచ్చటి చారలు. సాయంత్రంలోగా ఫారం ఏజెంటుకు అందకపోతే అతని దుబాయి వీసా ఇంకొకరికి పోతుంది.

దయానంద్ కోడ్ల పుస్తకం తిరగేశాడు. ఒకే చోట చెమటైతే చివర సున్నా. ఒళ్లంతా అయితే ఒకటి. ఎక్కడో తేలకపోతే తొమ్మిది. రాత్రి చెమటలు కూడా ఆ తొమ్మిది కిందే ఉన్నాయి. అది చూస్తే దుబాయి కంపెనీవాళ్లు టీబీ అనుకుంటారు, ఇక విమానం ఎక్కనివ్వరు.

"యాడ పడ్తది చెమట?"

"అంతట పడ్తది సార్."

"రాత్రి గూడనా?"

"కరెంటు పోతే పడ్తది. మా అవ్వకు గూడ పడ్తది. మీకు పడదా?"

దయానంద్ బనియను తడిమి చూసుకున్నాడు. తడిగానే ఉంది. ఏప్రిల్ ఎండలో ఆర్మూర్‌లో ఎవరికి తొమ్మిది వేయాలో, ఎవరికి వేయకూడదో అతనికి పాలుపోలేదు.

నర్సు కరుణశ్రీ నవ్వింది. "డ్రమ్ము కాడికెళ్లి వచ్చినోన్ని అడిగితే గట్లనే చెప్తడు సార్. జర ఆరనియ్యుండ్రి." చెంబుతో నీళ్లిచ్చి, కూలర్‌ను గంగాకిషన్ వైపు తిప్పింది. దయానంద్‌కు కూలర్ గాలి అందకుండా పోయింది. అయినా కోడ్ తేల్చే దారి దొరికిందని అతని ప్రాణం కాస్త కుదుటపడింది.

అరగంటకు చొక్కా ఆరింది, మెడ ఆరింది. గంగాకిషన్ పట్టుకున్న ఓపీ చీటీ మాత్రం నానిపోయి చిరుగుతోంది.

"చేతులు చూపియ్యి."

అరచేతుల నిండా చెమట బొట్లు.

"గివా? చిన్నప్పటి సంది గింతే సార్. గదే గదా డాక్టర్ సాబ్‌కు చెప్పింది."

"మరి అంతట అంటివి?"

"చెమట యాడ పడ్తదన్నరు, చెప్పిన. నా తిప్పలేందని అడగకపోతిరి!"

దయానంద్ డాక్టరుకు ఫోన్ చేశాడు. బ్యాండు మేళం మధ్య డాక్టరు కేకేశారు: "అరచేతులేనయ్యా! రాయలేదా నేను? సున్నా వెయ్యి!"

సున్నా వేశాడు.

"గిది చూస్తే పంపుతరా సార్?"

"తెల్వది బిడ్డా. లేని రోగమైతే రాయలే."

గంగాకిషన్ ఫారం కోసం తడి చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకున్నాడు. వంగి, చొక్కా జేబు చూపించాడు. దయానంద్ ఫారం మడిచి, అందులో తనే పెట్టాడు.